రేవు బల్ల: గోదారి పడవల్లో చోటు ఎవరిది?

గోదావరి మీద పడవ ఎక్కడమంటే ముందు బల్ల ఎక్కడం. రేవుకీ పడవకీ మధ్య వేసే చెక్క అది. ఒక కొస మట్టిలో, రెండో కొస లాంచి అంచు మీద. సరంగు ఇంజను ఆపినా నది ఆగదు కాబట్టి బల్ల ఊగుతూనే ఉంటుంది. కళాసీ ఒకడు వెదురు గడ అడ్డంగా పట్టుకుని నిలబడతాడు, చెయ్యి ఆనించుకోడానికి. పోలవరం, పట్టిసీమ, పురుషోత్తపట్నం, దేవీపట్నం, ఏ రేవు పాత ఫొటోలు చూసినా ఏర్పాటు ఇదే. పడవని నడిపే పద్ధతి నూట డెబ్భై ఏళ్ళలో చాలా మారింది. గడలూ తెరచాపలూ పోయాయి, ఆవిరి వచ్చి పోయింది, డీజిలు వచ్చింది, పై అంతస్తూ ఏసీ హాలూ సౌండు బాక్సులూ వచ్చాయి. బల్ల మాత్రం బల్లలాగే ఉంది.

ఆనకట్టకి చరిత్ర ఉంది, కాలవలకి ఉంది, రైలు వంతెనలకి ఉంది. బల్లకి లేదు. దాని మీద నడవగలిగినవాళ్ళే చరిత్ర రాశారు కాబట్టి కావచ్చు. నడవలేనివాళ్ళ వైపు నుంచి చూస్తే గోదారి ప్రయాణాల కథ వేరేలా కనిపిస్తుంది. పడవలో చోటు ఎవరికి, ఏ చోటు, ఎవరి మాట మీద, ఎంత రేటుకి అన్న ప్రశ్నలు అన్నీ ఆ చెక్క దగ్గరే మొదలవుతాయి. అమెరికాలో విలాస నౌకల గదుల విషయంలో ఇవే ప్రశ్నలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. మన దగ్గర ఇంకా రేవు దాటలేదు.

ముందు పల్లకీ సంగతి. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆ తిరుగు ప్రయాణంలోనే రాజమహేంద్రవరం మీదుగా వచ్చాడు. పదిహేను నెలల ప్రయాణంలో చాలా భాగం బోయీల భుజాల మీద పల్లకీలో జరిగింది. నదులు అడ్డొస్తే పల్లకీతో, పరివారంతో, సామానుతో సహా దాటించారు. ఇందులో వింతేం లేదు, ఆ రోజుల్లో స్తోమతున్న పెద్దమనుషులు ప్రయాణం చేసే తీరే అది. నాకు ఆసక్తి ఒక్క విషయంలో. నెలల తరబడి మనుషులు మోసుకుపోయినా అతన్ని ఎవరూ నడవలేనివాడు అనలేదు. డబ్బూ హోదా ఉండి మోయించుకుంటే దొర. అవి లేకుండా మోయించుకుంటే అవిటివాడు. మోసే పని రెండు చోట్లా ఒకటే, బరువు కూడా ఇంచుమించు ఒకటే.

అంటే మనిషిని నది దాటించలేకపోవడం అన్న సమస్య గోదారికి ఎప్పుడూ లేదు. ఎవరిని దాటించడం సేవ, ఎవరిని దాటించడం దయ అన్న తేడానే ఉండేది.

ఇక కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. పంట నీళ్ళ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఆ కథ వదిలేస్తాను. కాటన్‌కి నీళ్ళ మీద రవాణా అంటే పిచ్చి. రైళ్ళ కన్నా కాలవలు చవకని జీవితాంతం వాదించాడు. డెల్టా కాలవల్ని పడవలు నడిచేలా తవ్వించారు, ఎత్తు మారిన చోటల్లా లాకులు కట్టారు. ఈ లాకు అనేది చూడముచ్చటైన వస్తువు. పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్ళు వదుల్తారు, పడవ తనంతట తానే పైకి లేస్తుంది, ముందు తలుపు తీస్తారు. టన్నుల కొద్దీ ధాన్యం ఒక్క మనిషి భుజం వెయ్యకుండా అడుగుల ఎత్తు ఎక్కుతుంది. పడవకి మెట్లు ఉండకూడదని పందొమ్మిదో శతాబ్దం మధ్యకే ఇంజనీర్లకి తోచింది. పడవలోకి వచ్చే మనిషికి కూడా ఉండకూడదని తోచలేదు. ధాన్యం బస్తా విషయంలో అంత లెక్క వేసినవాళ్ళు ముసలమ్మ విషయంలో చెక్కతో సరిపెట్టారు.

కాలవల మీద తిరిగే పడవల్లోనూ తరగతులున్నాయి. పబ్లిక్ వర్క్స్ శాఖ దొరలు కాలవల తనిఖీకి హౌస్‌బోట్లలో తిరిగేవారు. వాటిలో పడక, బల్ల, వంటవాడు, స్నానానికి చోటు, అన్నీ ఉండేవి. అంటే 'క్యాబిన్' అనే మాట మన నీళ్ళ మీదకి అధికారితో కలిసి వచ్చింది. మామూలు జనానికి బస్తాల మధ్య, బస్తాల మీద చోటు. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలవలకీ రేవులకీ కలిపి ఒక చట్టం చేసింది. పడవకి లైసెన్సు, రేవుకి సుంకం లాంటివి అందులోవే. రేవుని పాట పెట్టి, పాడుకున్నవాడికి దాటించే హక్కు ఇచ్చే పద్ధతి మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. రేవు పాట అంటే గోదారి జిల్లాలవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. రేవు అనేది మొదటినుంచీ ఆదాయం చూపించే పద్దు. ఖర్చు పెట్టాల్సిన పద్దుగా దాన్ని చూసిన ఆనవాళ్ళు తక్కువ.

ఎగువ గోదావరి కథ ఇంకా విచిత్రం. నదిని మధ్య భారతం దాకా పడవల దారిగా మార్చాలని 1850, 60లలో పెద్ద ప్రయత్నం జరిగింది. రాళ్ళూ వడులూ అడ్డొచ్చే మూడు చోట్లలో మొదటిది దుమ్ముగూడెం. అక్కడ ఆనకట్ట కట్టారు, లాకులు కట్టారు. ఇంజనీరు హేగ్ ఏళ్ళ తరబడి అడవిలో పనిచేశాడు. ఖర్చు పెరిగి, జ్వరాలు పెరిగి, చివరికి 1871 ప్రాంతంలో పని ఆపేశారు. 1900లో రాజమండ్రి దగ్గర రైలు వంతెన తెరిచాక నది అడ్డంగా దాటే అవసరమూ తగ్గింది. మెల్లగా కాలవల్లో ప్రయాణికుల పడవలూ పోయాయి.

ఒక్క చోట మాత్రం పడవ పోలేదు. పోలవరం దాటాక నది కొండల మధ్యకి పోతుంది. ఇంగ్లీషువాళ్ళు బైసన్ హిల్స్ అన్నారు, మనకి పాపికొండలు. అక్కడ గట్టు వెంబడి రోడ్డు లేదు. కొరుటూరు, శిరివాక, కచ్చులూరు, కొండమొదలు, కొయిదా, పేరంటపల్లి లాంటి ఊళ్ళకి నదే రోడ్డు. ఈ కొండరెడ్ల గురించి హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. అడవి కాంట్రాక్టర్లూ అప్పులూ వాళ్ళ బతుకుని ఎలా చుట్టుకున్నాయో అందులో చూడొచ్చు. కొండల్లోంచి కలపా వెదురూ తెప్పలు కట్టి కిందికి పోయేవి, ఉప్పూ బట్టా పైకి వచ్చేవి. తరవాత సర్వీసు లాంచీలు వచ్చాయి. సంతకి, ఆస్పత్రికి, మండలాఫీసుకి, పెళ్ళికి, అన్నిటికీ లాంచే.

ఆ లాంచీల్లో బల్ల ఎక్కలేనివాళ్ళు ఎలా వెళ్ళేవారు? డోలీలో. కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా మోసుకుంటూ కొండ దిగి, రేవు దాకా తెచ్చి, లాంచీలో దింపేవారు. ఏజెన్సీలో గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తున్న ఫొటోలు ఇప్పటికీ పేపర్లలో పడుతూనే ఉన్నాయి. వీరాస్వామయ్య పల్లకీకీ దీనికీ వస్తువుగా ఉన్న తేడా కొంచెమే. పల్లకీకి బొంగు వంచి పరుపు వేస్తారు, అంతే. పల్లకీ పోయింది, మోటారు కారు అయింది. డోలీ డోలీగానే ఉంది.

మన ఊహలో గోదారి లాంచి వేరు. అది సినిమాలోంచి వచ్చింది. 1973లో బాపు, ముళ్ళపూడి 'అందాల రాముడు'లో రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే లాంచీలోకి ఒక ఊరంతా ఎక్కించారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' అదే దారిలో ఇంకో తరానికి ఇంకో పడవ నడిపింది. రెండింట్లోనూ డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే పడవలో ఉండటమే కథకి ఇరుసు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు ఎవరి వైపు వస్తారు అన్నదాంట్లోంచే నవ్వూ ప్రేమా పుడతాయి. ఆ రెండో సినిమా తరవాత పాపికొండలకి గిరాకీ పెరిగిందని లాంచీలవాళ్ళే అంటారు. వేసవి సెలవులకి, కార్తీక మాసానికి, ఐటీ ఆఫీసుల టీమ్ ఔటింగులకి, పొద్దున్నే టిఫిను, మధ్యాహ్నం భోజనం, పై డెక్కు మీద డాన్సు. సర్వీసు లాంచి పక్కనే టూరిస్టు లాంచి పుట్టింది. ఒకదానికి ఊళ్ళ పేర్లు తెలుసు, రెండోదానికి వ్యూ పాయింట్లు తెలుసు.

ఇక్కడ నా సొంత సంగతి కొంచెం. మా మేనత్తకి చిన్నప్పుడే పోలియో. లంక గ్రామంలో పుట్టింది, గోదారి చూస్తూ పెరిగింది, పాపికొండలు మాత్రం డెబ్భయ్యో ఏడు దాకా చూడలేదు. కొన్నేళ్ళ కిందట బుకింగ్ వాళ్ళకి ఫోన్ చేశాను. చక్రాల కుర్చీతో వస్తాం, ఎక్కడానికి వీలుంటుందా, కింద సీట్లు ముందే చెప్పి ఉంచుకోవచ్చా అని. "ఏం పర్లేదండీ, కుర్రోళ్ళున్నారు, ఎత్తేత్తారు. మీరు నిచ్చింతగా రండి" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు. చెప్పినట్టే చేశారు కూడా. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తి, బల్ల మీద నడిచి, కింది హాల్లో కిటికీ పక్కన పెట్టారు. ఒక్కడికీ కాలు జారలేదు, డబ్బులూ అడగలేదు.

ఆ తరవాత అందరూ పైకి పోయారు. పై డెక్కుకి ఇనుప మెట్లు, నిటారుగా. పాపికొండలు వచ్చాయని మైకులో చెప్పినప్పుడు కింద ఉన్నది మా అత్త, నేను, భోజనాల గిన్నెలు. కొండలు ఆవిడకి కిటికీ పట్టినంత మేరే కనిపించాయి. పేరంటపల్లిలో లాంచి ఆగితే శివాలయానికి గట్టెక్కి పోవాలి. ఆవిడ దిగలేదు. పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టలేదు, బాత్రూమ్ గడప ఎత్తూ తలుపు వెడల్పూ చూసి. సాయంత్రం తిరిగొస్తుంటే ఒకటే మాట అంది: "ఎత్తడానికి వాళ్ళున్నార్రా, అడగటానికే నాకు నోరు రాదు."

టికెట్టు రేటు అందరికీ ఒకటే. అది న్యాయంగానే కనిపిస్తుంది. ఒకే రేటుకి ఒకరికి రెండు అంతస్తులూ కొండా గుడీ, ఇంకొకరికి ఒక కిటికీ. ఆ కుర్రాళ్ళ మంచితనం మీద నాకేం ఫిర్యాదు లేదు. కానీ మంచితనం బుక్ చేసుకునే వస్తువు కాదు. ఆ రోజు ఇద్దరే వచ్చి ఉంటే? ఆవిడ బరువు ఇంకో ఇరవై కిలోలు ఎక్కువైతే? ఒక్కర్తే వస్తే?

చాలా లాంచీల్లో సీటు నంబర్లు కూడా ఉండవు. ముందొచ్చినవాళ్ళదే కిటికీ. వినడానికి ఇంతకన్నా సమానమైన నియమం లేదు. ఆచరణలో ఏమవుతుందో రేవులో నిలబడి చూడండి. వేసవిలో నది లోపలికి జరిగిపోతుంది. గట్టు దిగి, మెట్లు దిగి, ఇసుకలో నడిచి, అప్పుడు బల్ల. బస్సు ఆగగానే దిగి పరిగెత్తేవాళ్ళు పరిగెత్తుతారు. పట్టిసీమలో శివరాత్రికి ఇదే, పడవ దిగాక మళ్ళీ ఇసుక, ఇసుక దాటాక వీరభద్రుడి కొండ మెట్లు. ముందొచ్చినవాళ్ళదే అనే నియమం ఇసుకలో పెట్టే పరుగు పందెం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంకలో పిల్లవున్నవాళ్ళు, ఊతకర్రవాళ్ళు ఆ పందెంలో ఎప్పుడూ ఆఖరే. ఆఖరున మిగిలే చోటు ఇంజను పక్కన.

మరి సరైన పద్ధతి ఏమిటంటే, దాని మీద అమెరికాలో ఇరవై ఏళ్ళ పాటు తగువు నడిచింది. 1998, 99లలో హ్యూస్టన్ నుంచి బయలుదేరిన నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ఓడల్లో ప్రయాణించిన డగ్లస్ స్పెక్టర్, ఇంకొంతమంది ఆ కంపెనీ మీద కేసు వేశారు. చక్రాల కుర్చీకి వీలైన గదులకి ఎక్కువ తీసుకుంటున్నారు, తోడు ఎవరో ఒకరు ఉండాలని పట్టుబడుతున్నారు, ప్రమాదం వస్తే అందర్నీ దింపే ఏర్పాట్లలో మేము లెక్కలోనే లేము, ఇవీ ఆరోపణలు. కంపెనీ జవాబు చిత్రమైంది. మా ఓడలు బహామాస్ జెండా కింద నమోదైనవి, మీ వికలాంగుల చట్టం మాకు వర్తించదు అంది. 2005 జూన్ 6న అమెరికా సుప్రీంకోర్టు, అమెరికా నీళ్ళలో ఉన్నంతసేపు చట్టం వర్తిస్తుంది, కాకపోతే ఓడ అంతర్గత వ్యవహారాల విషయంలో హద్దులున్నాయి అని చెప్పింది. పూర్తి గెలుపు కాదు, న్యాయమూర్తుల మధ్య కూడా చాలా చీలికలున్నాయి.

అసలు పని 2010లో రవాణా శాఖ చేసిన నియమాల్లో జరిగింది. గదుల బుకింగ్ గురించి అందులో ఉన్నది చదివితే, ఈ సమస్యని ఎవరో కౌంటర్లో కూర్చుని ఆలోచించినట్టుంటుంది. ఒక తరగతిలో మిగతా గదులన్నీ అమ్ముడయ్యేదాకా, నడవలేనివాళ్ళకి అనువైన గదుల్ని వేరేవాళ్ళకి ఇవ్వకూడదు. ఒకసారి అవసరమున్న మనిషి తీసుకున్నాక ఆ గది జాబితాలోంచి తీసేయాలి, ఓడ ఎక్కే రోజు 'సారీ, అలాంటి గదే ఇంకోటి' అనకూడదు. ఇక అబద్ధం చెప్పి తీసుకునేవాళ్ళ సంగతి. ఈ గదుల్లో చక్రాల కుర్చీ తిరగడానికి ఐదడుగుల వ్యాసం ఖాళీ ఉండాలి, తలుపులు వెడల్పు, బాత్రూమ్ పెద్దది. అదే డబ్బుకి పెద్ద గది అని తెలిశాక కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా బుక్ చేసేసుకునేవారు. దానికి నియమం చెప్పిన మందు, ప్రతివాళ్ళ దగ్గరా డాక్టరు కాగితం అడగడం కాదు. నాకు అవసరముంది అని రాసి సంతకం పెట్టించుకోవచ్చు. గట్టి అనుమానముంటే విచారించవచ్చు. అంతే. మోసగాళ్ళని పట్టుకోడానికి నిజమైనవాళ్ళందర్నీ పరీక్ష హాల్లో కూర్చోబెట్టకూడదన్నది అందులో ఉన్న లెక్క. 2015లో కార్నివాల్ కంపెనీతో ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందంలో గదుల్లో 3 శాతం ఇలాంటివి ఉండాలన్న లెక్క కూడా వచ్చింది.

ఇదంతా వేల గదులున్న ఓడల సంగతి, మన ఎనభై మంది లాంచీకి ఏం సంబంధం అనొచ్చు. మన దగ్గర ఇలాంటి లెక్క లేదా అంటే ఉంది, రైల్లో ఉంది. 2023 మార్చిలో రైల్వే బోర్డు మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో స్లీపర్‌లో 4 బెర్తులు, థర్డ్ ఏసీలో 2 బెర్తులు వికలాంగులకీ తోడొచ్చేవాళ్ళకీ ఉంచాలంది. సగం కిందివి, సగం మధ్యవి. కింది బెర్తు అవసరమున్న మనిషికి, మధ్య బెర్తు తోడుకి. ఎవరో ప్రయాణం చేసినవాళ్ళే రాసి ఉంటారు అనిపించే వివరం. చార్టు తయారయ్యేటప్పుడు మిగిలితే వెయిటింగ్ లిస్టుకి పోతాయి. కాబట్టి సీటు ఖాళీగా పోతుందన్న ఏడుపూ లేదు. ఎన్ని ఉంచాలి, ఎప్పటిదాకా ఉంచాలి, ఎవరి మాట మీద ఇవ్వాలి: ఈ మూడింటికీ రైలు ఏదో ఒక జవాబు చెప్పింది. మూడోదానికి మాత్రం మనది అమెరికా దారి కాదు. కార్డు కావాలి, కార్డుకి సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి శాతం కావాలి. శాతం కోసం సదరం క్యాంపులో క్యూ కట్టాలి. కొండమొదలు నుంచి ఆ క్యూ దాకా రావడానికి ముందు లాంచి ఎక్కాలి.

చట్టాల్లో పడవ ప్రయాణం ఇంకో కథ. 1995 వికలాంగుల చట్టం 44వ సెక్షనులో రైలు పెట్టెలు, బస్సులతో పాటు పడవలూ విమానాలూ కూడా ఎక్కడానికి వీలుగా మార్చాలని ఉంది, ఆర్థిక స్తోమత మేరకు అన్న తోకతో. వాటిలో మరుగుదొడ్ల గురించి కూడా విడిగా చెప్పారు. అంటే మా అత్త నీళ్ళు తాగకపోవడం గురించి పార్లమెంటు 1995లోనే ఒక వాక్యం రాసింది. 2016లో వచ్చిన కొత్త చట్టం ఎన్నో విధాల దాని కన్నా గట్టిది. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది, దయ భాష తగ్గి హక్కు భాష వచ్చింది. అయితే దాని 41వ సెక్షనులో సదుపాయాలు ఉండాల్సిన చోట్ల పేర్లు చూడండి: బస్‌స్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలు. రేవు లేదు. అన్ని రకాల రవాణా సాధనాలు అన్న మాటలో పడవ వస్తుందని లాయర్లు వాదించగలరు, వాదించాలి కూడా. కానీ పాత చట్టంలో పేరుతో సహా ఉన్న పడవ కొత్తదాంట్లో 'అన్ని రకాల'లో కలిసిపోయింది. ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్ళకి ఊరికి వెళ్ళడమంటే బస్సో రైలో విమానమో గుర్తొస్తుంది, లాంచి గుర్తురాదు. ఈ మధ్యలో 'వికలాంగులు' పోయి 'దివ్యాంగులు' అయ్యారు. బస్సుల్లో సీట్ల వెనక పెయింటు మార్చడం తేలిక. 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి కనీస నియమాలు చెయ్యాలి అంది. వాటిలో రేవు ఉంటుందా అన్నది చూడాలి.

ఇప్పటిదాకా చెప్పింది సౌకర్యం గురించి అనుకుంటే, 2018 మే 15 గుర్తు చేసుకోవాలి. కొండమొదలు వైపు నుంచి వస్తున్న సర్వీసు లాంచి మంటూరు దగ్గర గాలివానలో మునిగింది. వాన కొట్టకుండా తలుపులూ కిటికీలూ మూసేసుకున్నారు, మునిగాక తీసుకోలేకపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది గిరిజనులు. దానికి నాలుగు రోజుల ముందే ఒక టూరిస్టు లాంచీకి నిప్పంటుకుంటే, నడిపేవాళ్ళు గట్టుకి చేర్చడంతో అందరూ దూకి బతికారు. ఇక్కడ 'దూకి' అన్న మాట దగ్గర ఆగండి. 2019 సెప్టెంబరు 15న, నదిలో వరద నీరు ఉరకలేస్తుంటే, రాయల్ వశిష్ఠ 77 మందితో కచ్చులూరు దగ్గర మునిగింది. 26 మంది బతికారు. వాళ్ళని నీళ్ళలోంచి లాగింది చుట్టుపక్కల గిరిజన గ్రామాలవాళ్ళు, తమ నాటు పడవల్లో. ధర్మాడి సత్యం బృందం ఐదు వారాల తరవాత పడవని బయటికి తీస్తే లోపల ఇంకా శవాలున్నాయి.

నడవలేని మనిషికి లాంచీలో ఇచ్చే చోటు కింది హాలు. మునిగే పడవలో అన్నిటికన్నా చెడ్డ చోటు కూడా అదే. స్పెక్టర్ కేసులో ప్రమాదం ఏర్పాట్ల మాట ఎందుకొచ్చిందో దేవీపట్నం మండలంలో ఎవర్నడిగినా చెప్తారు. ఎక్కించడానికి నలుగురు కుర్రాళ్ళు చాలు. మూడు నిమిషాల్లో దింపడానికి వాళ్ళు ఎక్కడుంటారు? వాళ్ళూ ఈదుకోవాలిగా.

ఈలోగా నదే మారిపోయింది. పోలవరం దగ్గర 2021 జూన్‌లో ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్ళించారు. పోలవరం, పట్టిసీమ రేవుల నుంచి పాపికొండలకి పోయే లాంచి దారి డ్యాము దగ్గర తెగింది. ఇప్పుడు టూరిస్టులు డ్యాముకి ఎగువన గండి పోచమ్మ గుడి దగ్గర ఎక్కుతున్నారు. పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది, సింగన్నపల్లి లాంటి ఊళ్ళు ముందే ఖాళీ అయ్యాయి, వాటి ఎగువ ఊళ్ళు చాలా వరకు పునరావాస కాలనీలకి పోయాయి. ఆ ఊళ్ళు లేచిపోయాక సర్వీసు లాంచీకి పని తగ్గింది. లాంచి తప్ప వేరే దారి లేనివాళ్ళని నది మీదనుంచి పంపించేశాం. సరదాకి వచ్చేవాళ్ళ లాంచి మిగిలింది. బల్ల ఎక్కలేని మేనత్తల గురించి నేను పడే బాధ, నదే రోడ్డుగా బతికి ఆ రోడ్డే పోగొట్టుకున్న కొండరెడ్ల ముందు ఎంత అని నాకూ అనిపిస్తుంది. అయినా రెండూ వేర్వేరు తగువులు అనుకోను. రెండు చోట్లా, రేవు ఎక్కడ ఉండాలో, ఎలా ఉండాలో ఆ రేవు లేకపోతే కదల్లేని మనిషిని అడగలేదు.

జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లకి నిండితే పాత రేవులన్నీ నీళ్ళ కింద ఉంటాయి. కొత్తవి కట్టక తప్పదు. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరి కూడా ఉంది. పోలవరం ప్రాజెక్టు డిజైన్లో పడవలు డ్యాము దాటడానికి లాకులూ సొరంగమూ ఉన్నాయి. కాటన్ కాలంలాగే పడవ ఎత్తు ఎక్కే ఏర్పాటు ముందే అయిపోయింది. నీటి మట్టంతో పాటు లేస్తూ దిగుతూ ఉండే తేలే జెట్టీ, దాని మీదకి వాలుగా దిగే దారి, పెద్ద విద్యలేం కావు. గంగ మీద 2023 జనవరిలో మొదలైన గంగా విలాస్‌లో 18 సూట్లు, 36 మంది ప్రయాణికులు. అలాంటివి గోదారికీ వస్తాయని నాయకులు అంటూనే ఉన్నారు. వస్తే వాటిలో ఎన్ని గదుల తలుపులు ఎంత వెడల్పు ఉండాలో ఓడ కట్టకముందు రాయాలి. కట్టాక రాస్తే కుర్రాళ్ళే గతి.

కచ్చులూరు తరవాత ఒక మార్పు వచ్చింది. లాంచి కదిలేముందు ఎక్కినవాళ్ళ జాబితా రాయాలి, లైఫ్ జాకెట్లు వేయించాలి, రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టాలన్నారు. జాబితాలో రాసేది పేరు, వయసు, ఫోన్ నంబరు. అదే కాగితంలో ఇంకో గడి గీసి 'ఒంటరిగా మెట్లెక్కగలరా' అని అడగడానికి చట్టమూ అక్కర్లేదు, సర్టిఫికెట్టూ అక్కర్లేదు, ఒక పెన్నూ స్కేలూ చాలు. ఆ గడిలో టిక్కు పడిన మనిషికి తలుపు పక్క సీటు, ఆ సీటుకి బాధ్యుడుగా ఒక కళాసీ పేరు. ఎక్కించేవాడు కాదు, దింపేవాడు.